కుర్రుకు మూడు గ్లాసులు

మొన్న కరీంనగర్ నుంచి మా మనుమరాలు నా ఫోనుకు ఒక పట్టిక పంపింది. తనూ, తనతో ఆఫీసులో పనిచేసే మరో ఐదుగురూ కలిసి మంథని దగ్గర గోదావరి నడుమ ఉన్న ఒక కుర్రు మీద రెండు రోజులు గుడారం వేసుకుని ఉండి వస్తారట, అందుకు చేసుకుంటున్న ఏర్పాట్ల పట్టిక అది. ఏటి నడుమ ఇసుక మేట వేసి, దాని మీద తుంగా గడ్డీ మొలిచి, చుట్టూ నీళ్ళతో ఒంటరిగా మిగిలిపోయిన దిబ్బను మా వైపు కుర్రు అంటారని మీలో చాలామందికి తెలిసే ఉంటుంది, తెలియని వాళ్ళు దీవి అనుకోండి, నష్టమేమీ లేదు. వెంట తీసుకుపోయినది ఏదీ అక్కడ వదలకూడదు, నేల మీద మంట పెట్టకూడదు, కొమ్మ విరవకూడదు, సబ్బు నీళ్ళు నదిలో కలపకూడదు, మనం ఉండి వచ్చిన ఆనవాలు కూడా మిగలకూడదు అంటూ పదహారు అంశాలు వరుసగా రాసుకున్నారు. నీకు గోదారి ఎరుకే గదా తాతా, ఇందులో ఏమన్నా తక్కువైతే చెప్పు అని కింద ఒక ముక్క చేర్చింది.

నన్ను రమ్మనలేదు. అరవై ఎనిమిదేళ్ళ వాణ్ణి, రెండు మోకాళ్ళకూ బెల్టులు కట్టుకుని సుల్తానాబాదులో రెండు గదుల కిరాయి ఇంట్లో కాలక్షేపం చేస్తున్నవాణ్ణి ఎవరు రమ్మంటారు, రమ్మన్నా నేను పోయేవాణ్ణి కాదు. అయినా చదివాక కాసేపు మనసు చిన్నబోయింది, మీ దగ్గర అబద్ధం ఎందుకు. ఇంకొకటి కూడా అనిపించింది. ఈ పిల్లలు అదేదో తాము కొత్తగా కనిపెట్టినట్టు రాసుకున్నారు గాని, అచ్చం అటువంటి పట్టికే నలభై నాలుగేళ్ళ కిందట నేనూ మా బావా కలిసి పాత క్యాలెండరు కాగితం వెనక పెన్సిలుతో రాసుకున్నాము, దాన్ని రాయడానికి మాకు ఒక చలికాలమంతా పట్టింది.

బావ అంటే మా అక్క భర్త. ఆదిలాబాదు అవతల మరాఠీ, తెలుగు కలగాపులగంగా మాట్లాడే పల్లె ఆయనది. గోదావరి ఒడ్డున బొగ్గుబాయి కాలనీలో, గనినే మా వైపు బాయి అంటారు, కంపెనీ ఇచ్చిన క్వార్టరులో అక్కా ఆయనా కాపురముండేవారు, నన్ను కూడా అక్కడికి పిలిపించుకుని బాయిలో బదిలీ ఫిల్లరుగా, అంటే పర్మినెంటు వాడు రాని రోజు వాడి బదులు పనిచేసేవాడిగా, పెట్టించారు. కింద తట్టతో బొగ్గు ఎత్తి పట్టాల మీది టబ్బు నింపడమే నా పని. బావ మాత్రం బాయి దిగడు, పైన ల్యాంప్ రూం కిటికీ వెనక ఉంటాడు. ఆ రోజుల్లో బాయి దిగేవాడు ఎవడైనా తన నెంబరు కొట్టిన ఇత్తడి బిళ్లను ఆ కిటికీలో ఇచ్చి దీపం తీసుకోవాలి, పైకి ఎక్కినాక దీపం ఇచ్చి బిళ్ల తీసుకోవాలి, మేకుకు ఇంకా బిళ్ల వేలాడుతున్నదంటే దాని మనిషి ఇంకా కింద ఉన్నట్టు లెక్క. షిఫ్టు అయిపోయినా సరే, ఒక్క బిళ్ల మేకు మీద ఉన్నదంటే మా బావ కుర్చీలోంచి లేచేవాడు కాదు. అవతలి షిఫ్టు వాడు వచ్చి కూర్చున్నా ఈయన గుమ్మంలో నిలబడే ఉండేవాడు. చాదస్తం అని మేమంతా వెనక నవ్వుకునేవాళ్ళం, కింద ఉన్నప్పుడు మాత్రం ఆ చాదస్తమే ధైర్యంగా ఉండేది.

మా అక్కకు గోదావరి అంటే పిచ్చి. క్వార్టర్లలో నల్లా ఉన్నా గొంగళ్ళూ దుప్పట్లూ ఉతకడానికి ఏటికే పోయేది, ఉతికి బండల మీద ఆరేసి అవి ఆరేదాకా ఎదురుగా ఉన్న కుర్రును చూస్తూ కూర్చునేది. ఆ ఒక్క దిబ్బకు మా కాలనీలో మూడు పేర్లు. అక్కా నేనూ కుర్రు అంటాము, బావ తన ఊరి అలవాటున బేటు అంటాడు, పక్క క్వార్టరులో ఉండే కోస్తా ఆవిడ లంక అంటుంది, ఏ పేరుతో పిలిచినా వీళ్ళలో ఒక్కరూ దాని మీద కాలు పెట్టినవాళ్ళు కారు. ఒక్కనాడైనా దాని మీద పడుకుని లేవాలని అక్క కోరిక. వారానికొకసారి వచ్చే సెలవును బాయిల కాడ ప్లేడే అంటారు, వచ్చే ప్లేడేకు పోదామని బావ అనేవాడు, ఆ ప్లేడే నాడు ఏదో ఒక డ్యూటీ పడేది, లేకపోతే నేను నిద్ర చాలలేదని ముసుగు పెట్టేవాణ్ణి. ఇట్లా నాలుగేళ్ళు దాటవేశాము. ఐదో ఏడు శ్రావణంలో అక్కకు కామెర్లు వచ్చాయి. పదిహేను రోజుల్లో మనిషి లేకుండా పోయింది. పిల్లలు లేరు.

ఆ తరువాత ఆ క్వార్టరులో మేమిద్దరం మిగిలాము. ఆడదిక్కు లేని ఇల్లు ఎట్లా ఉంటుందో చెప్పుకుంటూ పోతే అది వేరే కథ అవుతుంది గాని, నాకు తిండికీ బట్టకూ వచ్చిన కష్టం కంటే మాట లేకపోవడమే పెద్ద కష్టమైంది. మా ఇద్దరి మధ్య మాటలన్నీ అక్క మీదుగానే నడిచేవని అప్పుడు తెలిసింది. బావకు ఏదైనా చెప్పాలంటే అక్కతో చెప్పేవాణ్ణి, ఆయన నన్ను కోప్పడాలన్నా అక్కనే కోప్పడేవాడు. ఇప్పుడు ఎదురెదురుగా కూర్చుని తిని, ఎవరి కంచం వాళ్ళు కడుక్కుని, ఎవరి గోడ వైపు వాళ్ళు తిరిగి పడుకునేవాళ్ళం. ఆ నాలుగు నెలల్లో ఆయన నాతో మాట్లాడిన మాటలన్నీ కలిపితే పోస్టుకార్డు నిండదు. నాకు ఇరవై నాలుగేళ్ళు, ఊళ్ళో నన్ను కన్న అవ్వాబాపులు ఇద్దరూ అప్పటికే లేరు, ఈ మనిషి కూడా నాకు లేకుండా పోతే ఇంక నాకంటూ ఎవరున్నారని భయం పట్టుకుంది.

దీపావళి దాటి చలి మొదలైనాక ఒకరోజు గొంగళ్ళు ఎండకు వేస్తుంటే, అక్క కప్పుకునే గొంగడి మడతల్లోంచి ఇంత ఏటి ఇసుక రాలింది. బావ దాన్ని అరచేతిలోకి ఎత్తుకుని చాలాసేపు చూసి, నా వైపు తిరగకుండానే, బేటు మీదికి పోదామా అని అడిగాడు. పోదామన్నాను. అంతే, మా ఇంట్లో మళ్ళీ మాట మొదలైంది. నిజం చెప్పాలంటే నాకు కావలసింది కుర్రు కాదు, ఆయన నోట్లోంచి మాట. ఆ మాట ఆగిపోకుండా ఉండటానికి నేను ప్రతిరోజూ ఒక కొత్త సందేహం తీసుకొచ్చేవాణ్ణి.

ముందు పడవ సంగతి. రేవులో చేపలు పట్టే తాత ఒకడు ఉండేవాడు, ఎనభై ఏళ్ళుంటాయో వందేళ్ళుంటాయో ఆయనకే తెలియదు. అడగ్గానే ఒప్పుకోలేదు, మా ఇద్దర్నీ ఎగాదిగా చూసి ఎందుకు పోతారు, ఏం చేస్తారు, వంట వండుతారా, తాగుతారా అని పోలీసు పటేలు లెక్క ఆరా తీశాడు. శివరాత్రి దాటితే ఆ ఇసుకలో పిట్టలు గుడ్లు పెడతాయట. గూడూ ఉండదు పాడూ ఉండదు, వట్టి ఇసుకలో చిన్న గుంట, గుడ్డుకు కూడా ఇసుక రంగే, కాలి కింద పడితే గాని ఉన్నదని తెలియదు. అందుకని శివరాత్రి ముందరే పోవాలన్నాడు. ఆఖరున ఆయన చెప్పిన మాట నాకు ఇప్పటికీ గుర్తు.

"కుర్రు మనది గాదు కొడుకా, పిట్టలది. మనం సుట్టాలం. సుట్టం పోయినంక ఆ ఇల్లు ఎట్లుండెనో అట్లనే ఉండాలె."

బావకు ఆ మాట ఎంత నచ్చిందంటే, ఆ రోజు నుంచి కుర్రు కూడా ఆయన లెక్కలో ఒక బాయి అయిపోయింది. బాయిలోకి బీడీ, అగ్గిపెట్టె తీసుకుపోనియ్యరు గదా, గేటు కాడ జేబులు తడిమి చూస్తారు, అట్లాగే కుర్రు మీదికీ బీడీ లేదు అగ్గి లేదు అన్నాడు, రోజుకు కట్ట ఖాళీ చేసే మనిషి. అగ్గి లేకపోతే వంట లేదు, కాబట్టి రెండు రోజులు నిలవుండే జొన్నరొట్టెలు, ఎల్లిపాయ కారం, అటుకులు, బెల్లం. నీళ్ళు ఇంట్లోనే మరగబెట్టి సొరకాయ బుర్రల్లో పోసుకుపోవడం. కడగడానికి సబ్బు కాదు, ఇసుక. కాలకృత్యాలకు నీళ్ళకు వంద అడుగులు ఎడంగా చిన్న గుంట తీసి పూడ్చడం, అందుకొక పలుగు. విస్తరాకులు వద్దు, గాలికి ఎగిరిపోతాయి, ఇంట్లో పళ్ళాలే. కుర్రతనం కొద్దీ ఎదురువాదనకు దిగి, మోదుగాకు మట్టిలో కలిసేదే కదా అని నేనంటే, ఆ కుర్రు మీద మోదుగ చెట్టు ఉన్నదా, లేదు కదా, మరి దాని ఆకు అక్కడ ఎందుకు ఉండాలి అన్నాడు. విస్తరాకులు వద్దు అని రాసేశాను. ల్యాంప్ రూంలో వందలకొద్దీ దీపాలు వేలాడుతుంటే ఒక్కటి పట్టుకొద్దామని సరదాకు నేనన్నందుకు, కంపెనీ సొత్తు ముడతామా అని ఆయన ఆ పూట అన్నం కూడా సరిగ్గా తినలేదు.

ఇవన్నీ ఆయన చెబుతుంటే నేను క్యాలెండరు కాగితం వెనక రాసేవాణ్ణి. రాసినవాటికల్లా ఆయన నూనెడబ్బా రేకు కత్తిరించి బిళ్లలు చేశాడు, మేకుతో నెంబర్లు కొట్టాడు, ఒక పలకకు మేకులు దిగ్గొట్టి గోడకు తగిలించాడు. వస్తువు సంచిలోకి పోతే దాని బిళ్ల పలక మీదికి ఎక్కాలి, వస్తువు తిరిగొస్తే బిళ్ల దిగాలి, తిరిగి వచ్చినాక పలక మీద ఒక్క బిళ్ల మిగిలినా మళ్ళీ పడవెక్కి పోయి వెతికి తేవాలి. చూసినవాళ్ళు నవ్వారు. నేను మాత్రం ఆ చలికాలమంతా ఎంత సంతోషంగా ఉన్నానో, అంత సంతోషం నాకు తరువాత పెళ్ళినాడు కూడా లేదంటే మా ఆవిడ ఆత్మ నన్ను క్షమించుగాక.

మాఘం నడుస్తుండగా, ఇంకొక వారంలో ప్రయాణం అనగా, ఒకరోజు ఆయన డ్యూటీకి పోయినాక నేను పట్టిక ముందు పెట్టుకుని వస్తువులు ఒకచోట చేరుస్తున్నాను. గొంగళ్ళు మూడు. పళ్ళాలు మూడు. గ్లాసులు మూడు. రొట్టెలు కూడా ముగ్గురికి లెక్క. నా చేతిరాతే, ఆయన చెప్పగా నేనే రాశాను, రాసేటప్పుడు నాకు తట్టనే లేదు, ఆ ఇంట్లో ఏది లెక్కపెట్టినా మూడనే అలవాటు కాబట్టి. గోడ మీద పలక చూస్తే గ్లాసులకు మూడు బిళ్లలు, గొంగళ్ళకు మూడు బిళ్లలు. పాపం ఈయనకు మతి సరిగ్గా లేదు, మాట తిరిగొచ్చిందని నేను సంబరపడుతున్నాను గాని మనిషి లోపల ఇంకా తేరుకోలేదు, అక్కడ కుర్రు మీద మూడో గ్లాసు చేతిలో పట్టుకుని ఏడుస్తాడు, చుట్టూ నీళ్ళు, నేనొక్కణ్ణి ఏం చేయగలను అనుకున్నాను. ఎంత మంచి ఉద్దేశమో చూడండి. పెన్సిలు తీసుకుని మూడు ఉన్నచోటల్లా కొట్టేసి రెండు అని రాశాను, పలక మీది బిళ్లలు కూడా తీసి డబ్బాలో పడేశాను. లెక్క తప్పుంటే దిద్దాలని నాకు నేర్పింది ఆయనే.

సాయంత్రం వచ్చి, కాళ్ళు కడుక్కుని, పలక ముందు నిలబడ్డాడు. కాగితం చూశాడు. తువ్వాలతో మొహం తుడుచుకుని వెళ్ళి మంచం మీద కూర్చున్నాడు. అన్నం దగ్గర, తల ఎత్తకుండా, "ప్లేడే నాడు నాకు డ్యూటీ పడ్డది. నువ్వు పోయి రా" అన్నాడు.

డ్యూటీ పడలేదని నాకు తెలుసు, ల్యాంప్ రూం డ్యూటీల కాగితం కిటికీ పక్కనే అంటించి ఉంటుంది. అప్పుడే ఆ చేయి పట్టుకుని బావా, తప్పయిందా, ఏం తప్పయింది అని అడిగి ఉంటే మా ఇద్దరి బతుకులూ వేరుగా ఉండేవి. ఇరవై నాలుగేళ్ళ రోషం అడగనిస్తుందా. ఇన్నాళ్ళు ఇంత చేసి ఆఖరుకు వెనక్కి తగ్గుతాడా, సరే, నేనే పోతాను, నాకేమన్నా ఒకరు తోడు కావాలా అనుకున్నాను. ఒక గొంగడి, ఒక పళ్ళెం, ఒక గ్లాసు సంచిలో పెట్టుకుని ప్లేడే నాడు మధ్యాహ్నం రేవుకు పోయాను. పడవ తాత నా వెనక ఇంకెవరైనా వస్తున్నారేమోనని చూసి, గడ వేశాడు.

కుర్రు గురించి గొప్పగా చెప్పడానికి ఏమీ లేదు. ఇసుక, గడ్డి, నీటి చప్పుడు, దూరాన ఒడ్డెక్కి ఎండ కాగుతున్న ఒక మొసలి, దాన్ని చూసి నేను ఇవతలి కొసకు మారాను. మా నియమాలన్నీ పాటించాను. మెతుకు పారేయలేదు, గడ్డిపోచ తెంపలేదు. పొద్దు వాలుతుండగా మా రేవు వైపు తిరిగి కూర్చుంటే, అక్క దుప్పట్లు ఆరేసే బండలు అక్కడి నుంచి చిన్నగా, తెల్లగా కనిపించాయి. అక్కడ కూర్చుని ఇటు చూసిన మనిషి ఒక్కసారి కూడా ఇక్కడ కూర్చుని అటు చూడలేకపోయింది గదా, అదీ నా నిద్ర వల్లా ఆయన డ్యూటీల వల్లా, అని తలచుకుంటే దుఃఖం ఆగలేదు. ఏడ్చాను. వినేవాళ్ళు లేరు కాబట్టి గట్టిగానే ఏడ్చాను. నా పక్కన బావ ఉండి ఉంటే బాగుండేదనీ, మూడో గ్లాసు కూడా ఉండి ఉంటే ఏమయ్యేదనీ అప్పుడే మొదటిసారి అనిపించింది.

తెల్లవారి పొద్దెక్కినాక తాత పడవ తెచ్చాడు. సగం ఏరు దాటాక చెప్పాడు, నిన్న నిన్ను దింపి నేను తిరిగి వచ్చేసరికి మీ బావ రేవులో ఉన్నాడు, ఇంటికి పొమ్మంటే పోలేదు, నా గుడిసెలో బువ్వ తినమంటే తినలేదు, గొంగడి ఇస్తే కప్పుకున్నాడు, అక్కడే ఉన్నాడు అని. తల తిప్పి చూస్తే నిజమే, ల్యాంప్ రూం ఖాకీ చొక్కాతో, అక్క బండ మీద, మోకాళ్ళు ముడుచుకుని కూర్చుని ఉన్నాడు.

పడవ దిగగానే లేచి నా సంచి అందుకున్నాడు. అన్నీ వచ్చినయా అని అడిగాడు, వచ్చినయన్నాను. సంచి విప్పి గొంగడి, పళ్ళెం, గ్లాసు, పలుగు, ఖాళీ బుర్రలు ఒక్కొక్కటే తడిమి చూసి మళ్ళీ మూతి కట్టాడు. కట్టినాక, ఏటి వైపు చూస్తూ అన్నాడు.

"మతి లేక మూడు అన్న అనుకుంటివా తమ్మీ? ఎరుకుండే అన్న. ఒక్క రాత్రి మీ అక్కను లెక్కల ఉండనియ్యకపోతివి."

ఇంటిదాకా ఆయన ముందు, నేను వెనక నడిచాము.

దాని తరువాత ఆయన నా మీద కోపంగా ఉన్నాడనుకునేరు, అదేమీ లేదు. పూట పూటకూ తిన్నవా అని అడిగేవాడు, షిఫ్టు దిగితే గుమ్మంలో నిలబడి ఉండేవాడు. కాని మళ్ళీ ఏ సందేహం తెచ్చినా మాట సాగలేదు, పలక గోడ మీది నుంచి దిగిపోయింది, కుర్రు పేరు మా ఇంట్లో ఎవరమూ ఎత్తలేదు. రెండేళ్ళకు నాకు పెళ్ళై వేరే క్వార్టరు వచ్చింది, ఆయన అడిగి మరీ తన ఊరికి దగ్గరగా ఉన్న బాయికి బదిలీ చేయించుకుని ఆదిలాబాదు వైపు వెళ్ళిపోయాడు. పండక్కో పబ్బానికో పోయేవాణ్ణి, నిర్మల్ బొమ్మలు కొని నా పిల్లల చేతుల్లో పెట్టేవాడు, నాతో వానల గురించి మాట్లాడేవాడు. ఆ రోజు కాగితంలో మూడును కొట్టేసినందుకు నన్ను మన్నించు బావా అని ప్రతిసారీ అనుకునే పోయేవాణ్ణి, అనకుండానే బస్సెక్కేవాణ్ణి. ఆయన పోయిన కబురు అందేసరికి అక్కడ మట్టి కూడా ఇచ్చేశారు.

ఇప్పుడు బాయిల కాడ బిళ్లలూ కిటికీలూ లేవని, వేలు పెడితే లెక్క దానంతట అదే పడుతుందని అంటున్నారు. గోదావరికి అడ్డంగా బ్యారేజీలు కట్టినాక నీళ్ళు నిలిచి, ఏ కుర్రు ఏ ఏడు తేలుతుందో ఏ ఏడు మునుగుతుందో చెప్పడం కష్టం. మనుమరాలికి నాకు తెలిసినంత రాసి పంపాను. శివరాత్రి ముందరే పొమ్మన్నాను, పిట్టల గుడ్ల సంగతి చెప్పాను, మోదుగాకుల సంగతి కూడా చెప్పాను, అది చదివి చేతులు జోడించిన బొమ్మ పంపింది. ఆఖరున ఒకటి అడిగాను. మీరు ఆరుగురూ కుర్రు మీద ఉంటారు సరే, ఇవతల ఒడ్డు మీద ఎవరుంటారు అని. వెంటనే ఫోను చేసింది.

"ఒడ్డు మీద ఎవరెందుకు తాతా, లొకేషన్ పెడ్తం గదా, ఎవరెక్కడున్నరో అందరికీ కనవడ్తది. నువ్వేం ఫికర్ చెయ్యకు."

తను అన్నది నిజమే, నా ఫోనుకు కూడా పంపుతానన్నది, మంచి పిల్ల. కనబడటం వేరు, కాచుకుని ఉండటం వేరు బిడ్డా అని నోటిదాకా వచ్చింది గాని, నవ్వుతున్న పిల్లను ఎందుకు ఆపాలని ఊరుకున్నాను. మా ఆవిడ పోయి మూడేళ్ళయింది. ఈ మూడేళ్ళలో నేను ఏ ఊరికి పోయి ఏ వేళకు తిరిగి వచ్చినా, వచ్చావా అని అడిగిన మనిషి లేదు. మన ఈడు వాళ్ళలో చాలామందికి ఇదే కదా ఇప్పుడు.

వాళ్ళు తిరిగి వచ్చే ఆదివారం పొద్దున సుల్తానాబాదు నుంచి మంథనికి బస్సు ఎన్నింటికో నిన్న బస్టాండుకు వెళ్ళి కనుక్కుని వచ్చాను. పెద్దపల్లిలో మారాలట. పోతానో లేదో నాకే తెలియదు. రేవు మెట్ల మీద ఎంతసేపైనా కూర్చోగలను, మోకాళ్ళ నొప్పి పెద్ద లెక్క కాదు. కాని ఒడ్డున కూర్చున్నవాడికి కూడా, అవతలి నుంచి వచ్చేవాళ్ళు పడవలోంచి ఒక్కసారి తన కోసం ఇటు చూస్తారన్న నమ్మకం ఉండాలి.